పాత పివైసి కొత్త పైథాన్‌లో ఎందుకు నడవదు?

ప్రశ్న: జయపురంలో ఒక రైస్ మిల్లుకు బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను. సోర్స్ బయటపడకూడదని దాన్ని కంపైల్ చేస్తే వచ్చే పివైసి ఫైళ్లు మాత్రమే పెట్టాను. వాళ్లు పైథాన్ 3.11 తీసేసి 3.13 వేయగానే "బ్యాడ్ మ్యాజిక్ నంబర్" అని ఆగిపోయింది. సోర్స్ ఇవ్వకుండా దారి ఉందా? (ఒక పాఠకుడు, కొరాపుట్ జిల్లా)

జవాబు: పివైసి ఫైల్ మొదటి 16 బైట్లు హెడర్. అందులో తొలి నాలుగు బైట్లు మ్యాజిక్ నంబర్. 3.11కు అది 3495, 3.12కు 3531, 3.13కు 3571. ఇంటర్‌ప్రెటర్ తన నంబర్‌తో సరిపోల్చుకుని, తేడా ఉంటే ఫైల్‌ను లోపలికి రానివ్వదు. ఆ నంబర్‌ను హెక్స్ ఎడిటర్‌తో మార్చి మోసం చేయొచ్చని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సీపైథాన్, అంటే మనం మామూలుగా వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్, బైట్‌కోడ్‌ను (పివైసిలో ఉండే సూచనలను) తనిఖీ చేయకుండానే నడుపుతుంది. పాత సూచనలకు కొత్త ఇంటర్‌ప్రెటర్ వేరే అర్థం తీసుకుంటే ఎర్రర్ మెసేజ్ కూడా రాకుండా ప్రోగ్రాం కూలిపోవచ్చు. అంతకన్నా ప్రమాదం, బిల్లులో తప్పు మొత్తం పడొచ్చు.

ఈ సూచనలు ప్రతి వెర్షన్‌కూ మారుతూనే ఉంటాయి. 3.12లో వచ్చిన రిటర్న్_కాన్‌స్ట్ అనే సూచన 3.14లో లేదు. లిస్టులోంచి విలువ తీసే బైనరీ_సబ్‌స్క్రిప్ట్‌ను 3.14లో తీసేసి, ఆ పనిని బైనరీ_ఆప్‌లో కలిపేశారు. బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్ అంతర్గత విషయమనీ, వెర్షన్ల మధ్య స్థిరంగా ఉంటుందన్న హామీ లేదనీ పైథాన్ డాక్యుమెంటేషన్ ముందే చెబుతోంది. 3.13.1 నుంచి 3.13.5కు వెళ్తే మాత్రం ఇబ్బంది లేదు. రెండో అంకె మారినప్పుడే చిక్కు.

మీ సోర్స్‌ను 3.13తోనే మళ్లీ కంపైల్ చేయండి. కంపైల్‌ఆల్ మాడ్యూల్‌కు హైఫన్ బి ఆప్షన్ ఇస్తే పివైసి ఫైళ్లు సోర్స్ పక్కనే తయారవుతాయి. ఆ ఆప్షన్ మరిచిపోతే అవి పైకాష్ ఫోల్డర్‌లోకి పోతాయి, సోర్స్ లేనప్పుడు అక్కడి ఫైళ్లను ఇంపోర్ట్ పట్టించుకోదు. లేదంటే మిల్లు కంప్యూటర్‌లో 3.11ను కూడా ఉంచి, ప్రోగ్రాంను దానితోనే నడపండి. విండోస్‌లో రెండూ పక్కపక్కనే ఉండగలవు.

ఇక దాచడం సంగతి. పివైసి తాళం కాదు. డిస్ మాడ్యూల్‌తో ఎవరైనా లోపలి సూచనలు చదవగలరు. కోడ్‌లో మీరు పాస్‌వర్డ్ రాసి ఉంటే అది యథాతథంగా కనిపిస్తుంది. అలా ఉంటే పాస్‌వర్డ్‌ను ఈరోజే బయటికి తీయండి. మిల్లు వాళ్లతో రాతపూర్వక ఒప్పందం పెట్టుకుని సోర్స్ ఇవ్వడమే మంచిదని మా అభిప్రాయం. ఏడాదికొక కొత్త వెర్షన్ వస్తుంది, ప్రతిసారీ మీరు జయపురం వెళ్లనక్కర్లేదు.

ప్రశ్న: పివైసి ఉంటే ప్రోగ్రాం వేగంగా నడుస్తుందా? (డిగ్రీ విద్యార్థిని, బరంపురం)

జవాబు: లేదమ్మా. లోడ్ కావడం మాత్రమే త్వరగా అవుతుంది, నడక వేగం మారదు. పైగా మీరు నేరుగా నడిపే ఫైల్‌కు పివైసి తయారు కాదు, ఇంపోర్ట్ చేసిన మాడ్యూళ్లకే అవుతుంది. అందుకే ముఖ్య ఫైల్‌ను చిన్నదిగా ఉంచి, అసలు పనిని మాడ్యూల్‌లో పెట్టడం మంచి అలవాటు.

ప్రశ్న: పుస్తకంలో కూడికకు బైట్‌కోడ్ సూచన బైనరీ_యాడ్ అని ఉంది. నా 3.12లో బైనరీ_ఆప్ అని వస్తోంది. ఏది సరి? పత్తి తూకాల లిస్టును కూడే నా లూప్ నెమ్మదిగా ఉంది, దానికీ దీనికీ సంబంధం ఉందా? (రాయగడ)

జవాబు: రెండూ సరే, పుస్తకం 3.11కు ముందుది. సంబంధం కూడా ఉంది. 2022 అక్టోబర్‌లో వచ్చిన 3.11లో ఇంటర్‌ప్రెటర్ నడుస్తూనే నేర్చుకుంటుంది. ఒక కూడికకు పదేపదే ఫ్లోట్లే (దశాంశ సంఖ్యలే) వస్తుంటే, ఆ చోట బైనరీ_ఆప్‌ను బైనరీ_ఆప్_యాడ్_ఫ్లోట్‌గా మార్చుకుంటుంది. ఇంటిజర్లకూ (పూర్ణ సంఖ్యలకూ) స్ట్రింగ్‌లకూ వేరే రూపాలున్నాయి. మీ లిస్టులో 42, 42.5 కలిసి ఉంటే ఒకసారి ఇంటిజర్, ఒకసారి ఫ్లోట్ వస్తుంది. 3.12లో ఆ మిశ్రమానికి ప్రత్యేక రూపం లేదు, సాధారణ దారికి తిరిగి రావాల్సిందే. ఫైల్ చదివేటప్పుడే అన్ని తూకాలనూ ఫ్లోట్‌గా మార్చండి. డబ్బు మాత్రం పైసల్లో, ఇంటిజర్‌గానే ఉంచండి.

లూప్ ఏ ఫంక్షన్‌లోనూ లేకుండా ఫైల్‌లో నేరుగా ఉంటే దాన్ని ఫంక్షన్‌లో పెట్టండి. అప్పుడు ప్రతి పేరును డిక్షనరీలో వెతికే లోడ్_నేమ్‌కు బదులు లోడ్_ఫాస్ట్ వస్తుంది. ఫంక్షన్‌ను కొన్నిసార్లు నడిపాక డిస్‌కు అడాప్టివ్=ట్రూ ఇచ్చి చూస్తే మారిన సూచనలు కనిపిస్తాయి. ఉత్త మొత్తమే కావాలంటే లూప్ మానేసి సమ్ వాడండి, అది సీ భాషలో నడుస్తుంది.

ప్రశ్న: 3.14లో జిట్ ఉందట. మా కాలేజీ ల్యాబ్‌లో ఆన్ చేయవచ్చా? (లెక్చరర్, పర్లాకిమిడి)

జవాబు: జిట్ అంటే ప్రోగ్రాం నడుస్తుండగానే బైట్‌కోడ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే భాగం. ప్రయోగానికి చేయండి, పరీక్షల యంత్రాల్లో వద్దు. 3.13లో జిట్ కావాలంటే పైథాన్‌ను సోర్స్ నుంచి ప్రత్యేక ఆప్షన్‌తో బిల్డ్ చేయాల్సి వచ్చేది. 3.14 నుంచి విండోస్, మాక్ అధికారిక ఇన్‌స్టాలర్లలో అది ఉంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది. పైథాన్_జిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇస్తే ఆన్ అవుతుంది. పేరంతా పెద్దక్షరాల్లో ఉండాలి. లినక్స్‌లో మీ డిస్ట్రిబ్యూషన్ ఎలా బిల్డ్ చేసిందన్నదాని మీద ఆధారపడుతుంది. సిస్ మాడ్యూల్‌లోని _జిట్‌లో ఈజ్_అవైలబుల్, ఈజ్_ఎనేబుల్డ్ అనే ఫంక్షన్లున్నాయి, ముందు వాటిని అడగండి.

ఈ జిట్ పద్ధతి పేరు కాపీ అండ్ ప్యాచ్. బైట్‌కోడ్‌ను విడగొడితే వచ్చే ప్రతి సూక్ష్మ సూచనకూ మెషీన్ కోడ్ ముక్కను పైథాన్ బిల్డ్ అయ్యేటప్పుడే ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ సాధనం తయారుచేసి పెడుతుంది. అచ్చేసిన దరఖాస్తులో ఖాళీలు నింపినట్టు, నడిచేటప్పుడు ఆ ముక్కను కాపీ చేసి చిరునామాలు నింపుతారు. కాబట్టి మీ ల్యాబ్ కంప్యూటర్లలో ఎల్‌ఎల్‌వీఎం అక్కర్లేదు.

అద్భుతాలు ఆశించకండి. పనిని బట్టి 10 శాతం నెమ్మదించడం నుంచి 20 శాతం వేగం పెరగడం దాకా ఏదైనా జరగవచ్చని 3.14 విడుదల పత్రమే చెబుతోంది. జిల్ (ఒకసారికి ఒకే థ్రెడ్‌ను నడవనిచ్చే తాళం) లేని ఫ్రీ థ్రెడెడ్ బిల్డ్‌లో ఈ జిట్ పనిచేయదు. జీడీబీ వంటి డీబగ్గర్లు జిట్ ఫ్రేముల్లోంచి వెనక్కి వెళ్లి ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపలేవు. విద్యార్థుల చేత ఒకే ప్రోగ్రాంను జిట్‌తో, జిట్ లేకుండా పైపెర్ఫ్ అనే వేగం కొలిచే సాధనంతో కొలిపించండి. ఫలితం పక్కన వెర్షన్, ప్రాసెసర్ పేరు రాయించడం మరవకండి.