పది వారాల సంపాదన, పన్నెండు నెలల ఖర్చు

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాదిలోకి వెళ్లే ముందు, ఈ వేసవిలో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పది వారాల ఇంటర్న్‌షిప్ చేయబోతున్నాను. నెలకు వాళ్లిస్తామన్న మొత్తం మా ఇంట్లో ఎవరూ ఇప్పటిదాకా సంపాదించనంత. ఎడ్యుకేషన్ లోన్ ఉంది, వడ్డీ పెరుగుతోంది. ఆఫీసుకు దగ్గర్లో మంచి ఫ్లాట్ అద్దెకు తీసుకుందామని ఉంది. నా దగ్గర కొన్ని కంపెనీల షేర్లున్నాయి, వచ్చే డబ్బుతో మరికొన్ని కొనాలనుకుంటున్నాను. ఇంటర్న్‌షిప్ అయిపోతే ఉద్యోగం ఖాయమని సీనియర్లు అంటున్నారు. ఈ డబ్బును ఎలా వాడుకోమంటారు?

జవాబు: ముందుగా అభినందనలు. ఈ అవకాశం కోసం మీరెంత కష్టపడి ఉంటారో తెలుసు. అందుకే ఆ డబ్బు చేతిలో నిలవాలని నాకూ గట్టిగా ఉంది.

మీ ఉత్తరంలో ‘నెలకు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. బ్యాంకు నెలకు 100 ఇస్తుందనుకుందాం. పది వారాలంటే రెండు నెలల పది రోజులు. పన్ను పోకముందు మీకొచ్చేది దాదాపు 230. ఆ తర్వాత మళ్లీ కాలేజీ. ఉద్యోగం వచ్చినా చేరేది మామూలుగా మరుసటి వేసవిలోనే. అంటే దాదాపు ఏడాది పాటు మీ సొంత సంపాదన ఇదొక్కటే. పన్నెండు నెలలకు పంచితే నెలకు 19. మీరు నెలకు 100 సంపాదించే మనిషిగా ఫ్లాట్ చూస్తున్నారు, కానీ ఖర్చు పెట్టగలిగేది 19 సంపాదించే మనిషిగానే.

ఉద్యోగం ఖాయమన్న మాటను నమ్మి ఏ అప్పూ చేయకండి. బాగా పనిచేసిన వాళ్లలో చాలామందికి ఆఫర్ వస్తుంది, నిజమే. కానీ ఆ ఏడాది బ్యాంకు చేతిలో ఎన్ని డీల్స్, అంటే కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు కుదిర్చే పనులు, ఉన్నాయన్నది మీ చేతిలో లేదు. 2008 వేసవిలో లేమన్ బ్రదర్స్ అనే అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లను తలుచుకోండి. వాళ్లు కాలేజీకి తిరిగి వెళ్లిన కొద్ది వారాలకే, సెప్టెంబరు 15న, ఆ బ్యాంకు దివాలా పిటిషన్ వేసింది. అంత దూరం పోనక్కర్లేదు. 2021లో కంపెనీల విలీనాలు, కొనుగోళ్లు రికార్డు స్థాయిలో జరిగాయి. 2022లో వడ్డీ రేట్లు పెరిగేసరికి డీల్స్ తగ్గిపోయాయి, ఆ తర్వాత పెద్ద బ్యాంకులే ఉద్యోగాలు కోశాయి. ఆఫర్ లెటర్ చేతికొచ్చినా, మొదటి జీతం పడేదాకా దాన్ని ఆదాయంగా లెక్కేయకండి.

ఇక షేర్ల సంగతి. మీరు ఈ ప్రశ్నను మధ్యలో మామూలుగా అడిగారు గానీ, నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో మీ ముందుకొచ్చే ఫైళ్లలో బయటికి తెలియని విషయాలుంటాయి. ఏ కంపెనీని ఎవరు కొనబోతున్నారు, ఎంత ధరకు అన్నవి. అందుకే డీల్‌కు అసలు పేరు వాడకుండా మారుపేరు పెట్టుకుంటారు. ఇలాంటి చోట పనిచేసేవాళ్లు మామూలుగా తమ ట్రేడింగ్ ఖాతాల వివరాలు కాంప్లయన్స్ విభాగానికి (నిబంధనలు పాటిస్తున్నారా అని చూసే విభాగం) ఇవ్వాలి, కొనే ముందు, అమ్మే ముందు అనుమతి తీసుకోవాలి. కొన్న షేరును ఇన్ని రోజుల దాకా అమ్మకూడదన్న నిబంధన కూడా చాలాచోట్ల ఉంటుంది. ఇంటర్న్‌లకు మినహాయింపు ఉంటుందనుకోకండి. అమ్మానాన్నల పేరు మీదున్న ఖాతాను మీరు నడుపుతుంటే అదీ చెప్పాల్సి రావచ్చు. చేరకముందే మీ షేర్ల జాబితా రాసి పెట్టుకోండి, మొదటి రోజే నిబంధనలు అడగండి. ఈ పది వారాలూ కొత్తగా విడి షేర్లేవీ కొనకండి. ఇంట్లోవాళ్లు ప్రేమగా ‘ఏ కంపెనీ మీద పనిచేస్తున్నావు’ అని అడిగినా చెప్పకండి. బయటికి తెలియని సమాచారంతో షేర్లు కొనడం నేరం, మీరు చెప్పిన మాట విని వాళ్లు కొంటే చట్టం ముందు ఇద్దరూ నిలబడాల్సి రావచ్చు.

ఫ్లాట్ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. దగ్గర్లో ఉండండి, అది వృథా ఖర్చు కాదు. ఈ పనిలో పగలంతా సీనియర్లు క్లయింట్ల మీటింగుల్లో ఉంటారు. పిచ్‌బుక్ (క్లయింట్‌కు చూపించే ప్రతిపాదన స్లైడ్లు) మీద దిద్దుబాట్లు సాయంత్రం దాటాక వస్తాయి, తెల్లారేసరికి అవి సరిచేసి ఉండాలి. మీ రోజు నిజంగా మొదలయ్యేది ఒక్కోసారి అప్పుడే. 2013లో లండన్‌లో ఒక ఇంటర్న్ చనిపోయాక ఈ పని గంటల మీద ప్రపంచమంతా మాట్లాడింది. 2015లో గోల్డ్‌మన్ శాక్స్ వేసవి ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం 7 దాకా ఆఫీసులో ఉండకూడదని చెప్పింది. 2024లో జేపీ మోర్గాన్ జూనియర్ల పనికి వారానికి 80 గంటల పరిమితి పెట్టింది. పరిమితే 80 అంటే, అదే జీతమిచ్చే 40 గంటల ఉద్యోగంతో పోలిస్తే మీ గంట విలువ సగమే. ప్రయాణంలో పోయే గంట నిద్రలోంచే పోతుంది. కాబట్టి దగ్గర్లో గది తీసుకోండి, కానీ సరిగ్గా పది వారాలకే, వీలైతే తోటి ఇంటర్న్‌తో కలిసి. ఏడాది అద్దె ఒప్పందం మీద మాత్రం సంతకం పెట్టకండి. బ్యాంకు వసతి భత్యం ఇస్తుందేమో కనుక్కోండి, దాని మీద పన్ను పడుతుందేమో కూడా.

అలసిపోయిన మనిషి డబ్బు లెక్క చూసుకోడు. అర్ధరాత్రి క్యాబ్, బయట తిండి, ఆదివారం ఓదార్పు కోసం చేసే షాపింగ్, ఇవి చిన్నగా మొదలై మొత్తాన్ని తినేస్తాయి. జీతం పడిన రోజే సగానికి పైగా వేరే ఖాతాకు వెళ్లిపోయేలా ఇప్పుడే ఆటోమేటిక్‌గా పెట్టండి. రాత్రి పనికి బ్యాంకు క్యాబ్, భోజనం ఖర్చు తిరిగిస్తే, ఆ బిల్లులు ఏ వారానివి ఆ వారమే పెట్టేయండి. బట్టలకు రెండు మంచి జతలు చాలు.

అలా దాచిన దాంట్లో ముందు చివరి ఏడాది ఖర్చులకు, ఉద్యోగం వెతుక్కోవాల్సి వస్తే ఆరు నెలలు గడవడానికి సరిపడా పక్కన పెట్టండి. దీన్ని మామూలు సేవింగ్స్‌లోనే ఉంచండి, మార్కెట్లో పెట్టకండి. మిగిలింది లోన్‌కు కట్టండి, ముందు పేరుకున్న వడ్డీకి. దాన్ని అసలులో కలిపేస్తే ఇక వడ్డీ మీద వడ్డీ కట్టాలి. ముందుగా కడితే అదనపు రుసుము ఏమైనా ఉందేమో లోన్ ఇచ్చినవాళ్లను అడగండి. లోన్ మొత్తం ఒకేసారి తీర్చేసి చేతులు ఖాళీ చేసుకోవద్దు. చేతిలో ఆరు నెలల డబ్బుంటే, వచ్చిన ఆఫర్ నచ్చకపోయినా కాదనే ధైర్యం ఉంటుంది. పది వారాల తర్వాత ఈ పని మీకు సరిపడదని తేలినా తప్పేం లేదు, అది తెలుసుకోవడానికే కదా వెళ్తున్నారు.

పన్ను కూడా మర్చిపోకండి. కొన్నిచోట్ల ఏడాదంతా ఇదే జీతం వస్తుందన్న లెక్కతో కోత వేస్తారు. రిటర్న్ దాఖలు చేస్తే ఎక్కువ కోసింది తిరిగి రావచ్చు. ఆఫర్‌తో పాటు జాయినింగ్ బోనస్ ఇస్తే, ఎన్నాళ్లలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలో చదివాకే ముట్టుకోండి.

మీ లోన్ వడ్డీ రేటు, చివరి ఏడాది ఫీజు ఎంతో రాయండి. దేనికి ఎంత పెట్టాలో అంకెలతో సహా చెబుతాను.