తెలుగు మాట, ఒడియా అక్షరం

సందేహం: మాది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పిల్లల చదువు ఒడియా మీడియం. ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో పెద్దవాళ్లు చెప్పే సాగు సంగతుల్ని పిల్లలు తెలుగులోనే, కానీ ఒడియా అక్షరాలతో టైప్ చేసి పెడుతున్నారు. ఆంధ్రావైపు పాతపట్నంలో ఉన్న బంధువులు "ఇది తెలుగే కాదు, కావాలంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి" అంటున్నారు. హైదరాబాదులో ఉన్న మా మరిదైతే "చోడి కాదు, రాగి అనాలి" అని దిద్దుతున్నాడు. మేం చేసేది తప్పా?

సమాధానం: తప్పేం లేదమ్మా, అది తెలుగే. ఏ లిపిలో రాశామన్నదాన్ని బట్టి భాష మారదు. ఈ సంగతి మీ ఊరికి తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదేమో కూడా, ఎందుకంటే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలోనే బడిలో పాఠాలు చెప్పుకుంటూ, అక్కడి కొండల్లో ఉండే గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, దాన్ని తెలుగు అక్షరాల్లో రాసి, సవర-తెలుగు నిఘంటువు కూడా తయారుచేశారు. తెలుగు అక్షరాలు వాడారు కదా అని సవర తెలుగైపోలేదు. ఆ భాషకి మంగేయి గొమాంగో 1936లో సోరా సొంపెంగ్ అని సొంత లిపి చేశారు, ఇవాళ దాంతోపాటు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసేవాళ్లున్నారు. సరిగ్గా అదే ఏడాది ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది, గిడుగువారు అలిగి రాజమండ్రి చేరారు. ఆ తర్వాత బడిలో అక్షరాలు మారినా ఇంట్లో మాట నిలబడింది, మీ పిల్లలు ఆ రెంటినీ కలిపి వాడుకుంటున్నారు, అంతే.

ఇంగ్లీషు అక్షరాల సలహా మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. అందులో కొడితే అది పాటో పాతో, కోటో కోతో, కలో కళో చదివేవాడు ఊహించుకోవాల్సిందే. ఒడియాలో ట, త వేరు, ల, ళ వేరు, న, ణ వేరు. మన మాట అందులో చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది.

చిక్కల్లా ఒక్కచోటే ఉంది. ఒడియా లిపిలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని కూడా రెండు లేవు. ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్‌లో తెలుగు, ఒడియా అక్షరాల పట్టికలు ఒకే వరుసలో పేర్చారు, తెలుగు పట్టికలో ఎ, ఒ ఉన్న గడులకి సరిగ్గా ఎదురుగా ఒడియా పట్టికలో ఖాళీ గడులు కనిపిస్తాయి! అందుకే మెడకీ మేడకీ, కొనకీ కోనకీ తేడా తెలియదు. "బంతి మొక్క కొన తుంచండి, పక్క కొమ్మలేస్తాది" అని మీ అత్తగారు చెప్పింది ఒడియా అక్షరాల్లో పెడితే, ఆవిడ గొంతు తెలిసినవాళ్లకి ఇబ్బంది లేదు. కానీ పదేళ్ల తర్వాత ఇంకెవరో "కోన" అని చదువుకుని, ఏ కొండ సందులో ఏం తుంచాలో తెలీక బుర్ర గోక్కుంటారు. ఒడియా అక్షరాల్ని తెలుగులోకి మార్చే ప్రోగ్రాములు కూడా ఇక్కడే బోల్తా పడతాయి, ఎందుకంటే లిపిలో లేని తేడా వాటికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాబట్టి అనుమానం వచ్చే మాట దగ్గర పక్కన ఇంకో మాట చేర్చమనండి: "కొన, అంటే చివర" అని. ఇంకా మంచిది, పెద్దవాళ్ల చేత ఆ విషయాన్నే వాయిస్ మెసేజ్‌గా చెప్పించి, కింద రాసిన మెసేజ్ పెట్టడం. ఒట్టి వాయిస్ అయితే రేపు వెతుక్కుంటే దొరకదు, ఒట్టి రాత అయితే ఎ, ఏల గోల. తీరిక ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే ఫోన్లో తెలుగు కీబోర్డు కూడా పెట్టుకోవచ్చు, ఒడియా బాగా వచ్చినవాళ్లకి అక్షరాల వరుస తెలిసిందే కాబట్టి గుర్తుపట్టడమే మిగిలిన పని. వాళ్లని బలవంతపెట్టి, తిట్టి, ఉన్న రాత కూడా మానిపించకండి.

ఇక మీ మరిది గారి దిద్దుబాటు. చోడి ఉత్తరాంధ్ర మాట, శ్రీకాకుళంలో చోడి అంబలి తాగని పాతకాలపు మనిషి ఉండడు. దాన్ని రాగి అని మార్చడం అంటే చెప్పిన ముసలామె మాట కొట్టేసి మన మాట పెట్టడమే. పైగా మీవైపు విత్తనాల సంచి మీదా, 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ (చిరుధాన్యాల పథకం) కాగితాల్లోనూ ఉండేది మాండియా అనే ఒడియా పేరు. రాగి అని రాస్తే ఆఫీసుకెళ్లిన కుర్రాడికీ ఉపయోగం లేదు, ఇంట్లో అమ్మమ్మకీ లేదు. చోడి అనే రాయండి, పక్కన మాండియా చేర్చండి. మరిది గారికి కావాలంటే ఆయన ఫోన్లో రాగి అని మార్చుకుంటారు.