ఎయిర్‌పోర్టు కప్పు అంత ఎత్తుగా ఉంటే ఏసీ ఖర్చు పెరగదా?

బరంపురం నుంచి బెంగళూరు వెళ్లొచ్చిన ఒకరి సందేహం: "రెండో టెర్మినల్‌లో అంతెత్తు కప్పు, చుట్టూ గాజు. ఏసీ బిల్లు ఎంతవుతుందో!"

అనుకున్నంత కాదు. చల్లబరచాల్సింది హాలు మొత్తాన్ని కాదు, మనుషులు తిరిగే కింది భాగాన్ని. చల్లగాలి బరువు కాబట్టి కిందే ఉంటుంది, వేడి పైకి పోతుంది. మా పర్లాకిమిడి పెంకుటిళ్లలో మిట్టమధ్యాహ్నం అటక ఎక్కినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2006లో తెరిచిన బ్యాంకాక్ సువర్ణభూమి టెర్మినల్లో నేలలోని గొట్టాల్లో చల్లటి నీళ్లు తిప్పుతారు, కప్పు దగ్గరి వేడి జోలికి పోరు.

అసలు చిక్కు గాజుతోనే. పగలు లైట్ల ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ఎండ నేరుగా పడితే ఆ ఆదా అంతా ఏసీకే పోతుంది. అందుకే కప్పు అంచును బయటికి బాగా చాపుతారు. మన వీధి అరుగు మీదికి దిగే చూరు పనే అది. వేడిని వెనక్కి కొట్టే పూతతో రెండు పొరల గాజు కూడా వాడతారు.

2022లో ప్రారంభమైన ఆ బెంగళూరు టెర్మినల్లో వెదురు కప్పు, వేలాడే తోటలు చూసి అందరూ ఫొటోలు తీసుకుంటారు. బాగుంటాయి, కాదనను. కరెంటు లెక్కకొస్తే మాత్రం నాకు కొచ్చి నచ్చుతుంది. 2015 నుంచి తనక్కావాల్సిన కరెంటు సోలార్‌తోనే చేసుకుంటోంది. పగలు మిగిలింది గ్రిడ్‌కిచ్చి, రాత్రి వెనక్కి తీసుకుంటుంది. ప్యానెళ్ల మధ్య కూరగాయలు కూడా పండిస్తారు!