లాగ్‌లో రెండుసార్లు వచ్చిన 2:30: ఒక యువ రచయితకు లేఖ

తిరుపతి

తమ్ముడూ,

నీ వ్యాసం ఓపిగ్గా చదివాను. బంగారుపాళ్యం దగ్గర మీ మామయ్య మామిడి తోటలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టి నేల తేమ రాయించడం, దాని టైమ్ తప్పుతుంటే సరిచేసుకోవడం... మంచి విషయం పట్టుకున్నావు. తెలుగులో ఇలాంటివి రాసేవాళ్లు తక్కువ. అందుకే గట్టిగా చెబుతున్నా, ఇలాగే బయటికి వదలకు.

మొదటి పేరాలోనే టైమ్ సరిచేసే క్రోనీ అనే ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేయమన్నావు. చదివేవాడికి అప్పటికింకా జబ్బేమిటో తెలియదు, నువ్వు మందు చీటీ చేతిలో పెట్టేశావు. జబ్బు నువ్వు పంపిన లాగ్ ఫైల్లోనే ఉంది. రాత్రి 2:30 రీడింగ్ రెండుసార్లు కనిపిస్తోంది, తేమ అంకెలు మాత్రం వేరు. ఆ వెంటనే గడియారం 5:06కి దూకింది. నీ వ్యాసమంతా ఆ మూడు వరుసల్లో ఉంటే, నువ్వేమో ‘టైమ్ సమస్యలు వస్తుంటాయి’ అని తేల్చేశావు.

అలా ఎందుకైందో విడమరిచి రాయి. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు ఆ బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. పై 5లో ఉంది గానీ బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి. కరెంటు పోతే టైమూ పోతుంది. ఫేక్ హెచ్‌డబ్ల్యు క్లాక్ అనే చిన్న ప్రోగ్రాం గంటకోసారి టైమ్‌ను మెమరీ కార్డులో రాసిపెట్టి, బోర్డు మళ్లీ ఆన్ అయినప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది. 2:17కి రాసిపెట్టింది, 2:40కి కరెంటు పోయింది, 4:50కి వచ్చింది అనుకో. బోర్డు లెక్కలో అప్పుడూ 2:17 మాత్రమే. కాసేపటికి 2:30 మళ్లీ వస్తుంది. తోటలో సిగ్నల్ దొరికి, నెట్‌లో సరైన టైమ్ చెప్పే ఎన్‌టీపీ సర్వర్ జవాబిచ్చాకే అసలు టైమ్‌కి దూకుతుంది.

ఇంత చెప్పాక ఆర్‌టీసీ మాడ్యూల్ (బ్యాటరీతో నడిచే విడి గడియారం) ఎందుకో నువ్వు వాదించక్కర్లేదు. క్రోనీ గురించి కూడా ఒక్క మాట చాలు: బోర్డు గడియారం ఎంత వేగంగా జారుతోందో అది నేర్చుకుంటుంది, నెట్ లేని గంటల్లో కూడా ఆ లెక్కతో దిద్దుతూ ఉంటుంది. టైమ్ సరిగ్గా అయిదున్నర గంటలు వెనకుంటే అది ఎన్‌టీపీ తప్పు కాదు, టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా పెట్టలేదంతే. దానికి నువ్వు పేజీ ఖర్చు పెట్టావు.

ఆ మాడ్యూల్‌లోని చిప్ గురించి ‘డీఎస్3231 చాలా కచ్చితమైనది’ అన్నావు. ఆ ‘చాలా’ కొట్టేసి అంకె రాయి. డేటాషీట్ ప్రకారం 0 నుంచి 40 డిగ్రీల వరకు 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు), అంటే ఏడాదికి ఒక నిమిషం తేడా. 40 దాటితే 3.5 పీపీఎం, ఏడాదికి 110 సెకన్ల దాకా. మే నెలలో మన రేకుల షెడ్డులో, మూత బిగించిన డబ్బా లోపల 40 దాటకుండా ఉంటుందా? మన రైతుకు పనికొచ్చేది రెండో అంకె. అది కూడా మంచి అంకేనని తెలియాలంటే 20 పీపీఎం తేడా ఉండే మామూలు గడియారం క్రిస్టల్‌ను పక్కన పెట్టు, దానికి నెలకే 50 సెకన్లు పైగా పోతాయి.

నువ్వు అసలు ముట్టుకోనిది ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. నీ స్క్రిప్టు డ్రిప్ మోటారు ఎంతసేపు నడిచిందో ముగిసిన టైమ్‌లోంచి మొదలైన టైమ్ తీసేసి చూస్తోంది. 2:30కి మోటారు వేశాక గడియారం 5:06కి దూకితే? మోటారు రెండున్నర గంటలు నడిచిందనుకుని నిమిషాల్లో ఆపేస్తుంది. చెట్లకు నీళ్లు అందవు, లాగ్ మాత్రం అందాయంటుంది. ఎంతసేపు అన్నది లెక్కపెట్టడానికి పైథాన్‌లో మోనోటోనిక్ గడియారం ఉంది. ఎవరు టైమ్ మార్చినా అది వెనక్కీ పోదు, ముందుకీ దూకదు. దీన్ని వ్యాసం మధ్యలో పెట్టి, మోటారు ఉదాహరణతోనే తీరుబడిగా రాయి. గడియారం సర్వర్‌తో సింక్ కాకముందు తీసిన రీడింగులను చెరిపేయమన్నావు, అది వద్దు. పక్కన ఒక గుర్తు వేయించు, తర్వాత సరిచేసుకోవచ్చు.

ఇంకో పని. డీఎస్3231 లోపలే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది. మిట్ట మధ్యాహ్నం మామయ్య షెడ్డులో అదెంత చూపిస్తోందో చదివి, ఆ అంకె వ్యాసంలో పెట్టు. లాగ్‌లోని మూడు వరుసలు మొదటి పేరాలోకి తెచ్చి మళ్లీ రాసి పంపు. తిరుపతి వచ్చేటప్పుడు బోర్డు కూడా పట్టుకురా, నెట్ తీసేసి ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
అక్క