బీబీసీ మైక్రోకి అప్పుడే ప్లగ్గు పెట్టకు

ఒరేయ్ కిట్టూ,

మీ బడి స్టోర్‌రూమ్‌లో బీబీసీ మైక్రో అనే పాతకాలం కంప్యూటర్ దొరికిందని ఫోటో పంపావు చూడు, ప్రాణం లేచొచ్చింది. బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద బడులకిచ్చిన మిషన్లలో ఒకటై ఉంటుంది. ఆ ఆనందంలో ప్లగ్గు మాత్రం పెట్టకు. నేను ఒకసారి పెట్టాను. పది నిమిషాలు బానే నడిచి, టప్‌మని పేలింది. గదంతా పొగ, కంపు, మీ పిన్ని వీధిలోకి పరుగు.

పేలింది పవర్ సప్లై డబ్బాలో, కరెంటు లోపలికొచ్చే చోట ఉండే కెపాసిటరు, అంటే కరెంటుని కాసేపు నిలవ ఉంచుకునే చిన్న భాగం. పసుపుపచ్చగా, లోపలి చుట్టలు పైకి కనిపిస్తూ ఉంటుంది, అలాంటివి రెండు. లోపల కాగితమే. ఏళ్ల తరబడి పడుంటే పైపెంకు నెర్రెలిచ్చి తేమ దిగుతుంది, ఇక కరెంటు తగిలితే అంతే సంగతులు. నెర్రెలు కనిపించకపోయినా రెండూ మార్పించు, ఇంటి కరెంటు నేరుగా తగిలే చోట వాడే రకం, ఎక్స్2 అని రాసున్నవే వేయించు. డబ్బా నువ్వు తెరవకు, ప్లగ్గు పీకాక కూడా అందులో పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలిచి ఉండొచ్చు. టీవీలు బాగుచేసే ఆయనకివ్వు.

ఈలోగా ఫిక్స్ అని రాసున్న స్క్రూలు విప్పి, కంప్యూటర్ పైమూత తీసి, బ్రష్షుతో దుమ్ము దులుపు. బల్లి గుడ్లుంటే ఆశ్చర్యపోకు.

సప్లై వచ్చాక బోర్డు దగ్గర వోల్టులు కొలిచే మీటరు పెట్టు. ఎర్ర తీగకీ నల్ల తీగకీ మధ్య 5 వోల్టులు రావాలి. 4.75 కంటే తగ్గితే చిప్పుల జోలికి పోకు, తప్పు సప్లైలోనో తుప్పు పట్టిన తీగ కొసల్లోనో ఉంది.

ఇక చెవి పెట్టి విను. బాగున్న మిషన్ ముందు 'బూ' అని లావుగా, వెంటనే 'పీప్' అని సన్నగా కూస్తుంది. ఆ 'బూ' ఆగకుండా మోగుతూనే ఉంటే ప్రోగ్రామ్ అసలు మొదలవలేదని. చిప్పు పోయిందని బెంగపడకు, చాలాసార్లు సాకెట్‌లో కాళ్లు నల్లబడి ఆనడం లేదంతే. స్విచ్ కట్టేసి, చిప్పుని రెండు చివర్లా కొంచెం కొంచెంగా లేపి మళ్లీ నొక్కు, చిప్పు చివరున్న గాటు ఎటుందో ముందే ఫోటో తీసుకో. ఒకటి తిరగేసి పెట్టి కాల్చుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. తెర మీద 'లాంగ్వేజ్?' అని అడిగిందంటే మాత్రం సగం గెలిచినట్టే, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష దాచిన రోమ్ చిప్పు ఒక్కటే దానికి కనబడటం లేదు.

ఆ రెండో కూత వినబడితే ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి.

మీ బాబాయ్