మబ్బులు చూసేసి వెనక్కి వచ్చేయకండి, పాడేరులో రెండు రాత్రులు ఉండండి

ప్రశ్న: అరకు చాలాసార్లు చూశాం, ఈ డిసెంబరులో పాడేరు వెళ్దామని ఉంది. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, 68 ఏళ్ల మా అత్తగారు. రాత్రి ఒంటిగంటకి బయల్దేరితే పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచి మబ్బులు చూసుకుని మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండొచ్చు అంటున్నారు. అలా వెళ్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: వెళ్లి రావచ్చండి, మన ఊరి నుంచి ఎంతోమంది అలాగే వెళ్లొస్తున్నారు. కానీ నా మాట విని ఆ పని చేయకండి. మొదటి సంగతి ఘాట్. మాడుగుల దాటాక మొదలయ్యే ఆ మలుపుల్లో డిసెంబరు తెల్లవారుజామున మంచు పట్టిందంటే ఎదురొచ్చే బస్సు లైట్లు కూడా దగ్గరికొచ్చేదాకా కనపడవు, డ్రైవరుకి నిద్ర ఉండదు, వెనక సీట్లో పిల్లలకి వాంతులు, ఇంత టెన్షన్ ఎందుకు చెప్పండి. పొద్దున్నే టిఫిన్ చేసి చోడవరం మీదుగా బయల్దేరండి. మాడుగులలో ఆగి హల్వా కొనుక్కోండి, గోధుమ పాలు తీసి నెయ్యి పోసి చేస్తారు, దారిలో పిల్లలకి పనికొస్తుంది. ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి దణ్ణం పెట్టుకుని వెళ్లడం అలవాటు, మీరూ ఆగండి.

రెండోది, వంజంగిలో ఆ మబ్బులు రోజూ ఉంటాయన్న గ్యారంటీ లేదు. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి కదలకపోతే, కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, అక్కడి తేమంతా మంచై లోయ నిండిపోతుంది, మనం పైన నిలబడి చూస్తాం కాబట్టి అది సముద్రంలా కనిపిస్తుంది. గాలి వీచినా, రాత్రంతా మబ్బు పట్టి ఉన్నా ఆ దృశ్యం ఉండదు, ఎండెక్కితే ఎలాగూ కరిగిపోతుంది. అదే రెండు రాత్రులు ఉన్నారనుకోండి, ఒక పొద్దు పోయినా ఇంకోటి ఉంటుంది. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో గదులు దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోండి, వీలైతే వారం మధ్యలో వెళ్లండి.

అత్తగారిని మాత్రం వంజంగి ఎక్కించొద్దు. బండ్లు కొంతవరకే వెళ్తాయి, ఆపైన చీకట్లో ఎగుడుదిగుడు దారిలో నడవాలి. ఆవిడని పాడేరులో మోదకొండమ్మ గుడికి తీసుకెళ్లండి, మర్నాడు హుకుంపేట మండలంలోని మత్స్యగుండానికి తీసుకెళ్లండి. అక్కడ ఏటి గుండంలో చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి, వాటిని దేవుడిగా చూస్తారు, ఎవరూ పట్టరు. పిల్లలకీ అది బాగా నచ్చుతుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది చుట్టుపక్కల ఊళ్ల గురించి. డిసెంబరంటే కాఫీ పళ్లు కోసే కాలం. మినుములూరు వైపు రోడ్డు పక్కనే తోటలు, పైన నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ. కోసేవాళ్లని అడిగి ఒక ఎర్రటి పండు తీసుకుని పిల్లల చేత చిదిమించండి. తియ్యటి జిగురులో రెండు గింజలు ఒకదానికొకటి ఎదురెదురుగా అతుక్కుని ఉంటాయి. పచ్చికాయ వదిలి పండింది మాత్రమే ఏరి కోయాలి, తొక్క తీసి, జిగురు పోయేలా కడిగి, రోజుల తరబడి ఎండలో ఆరబెట్టాలి. ఇదంతా ఎక్కువగా చేసేది ఎకరం రెండెకరాల గిరిజన కుటుంబాలే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే దాని వెనక ఉన్నది ఈ చేతులే.

ఒక వారపు సంత కూడా చూడండి. ఏ రోజు ఏ ఊళ్లో జరుగుతుందో లాడ్జిలో అడిగితే చెబుతారు. పొద్దున్నే వెళ్లాలి, పసుపు, అల్లం, చింతపండు, రాజ్మా, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు, ఇవన్నీ తలమీద మోసుకుని కొండ దిగి వచ్చిన ఆడవాళ్లు నేలమీద కుప్పలు పోసుకుని కూర్చుంటారు. దళారులు దారిలోనే ఎదురెళ్లి కారుచౌక రేటుకి కొనేయడం ఏజెన్సీలో పాత బాధే. అందుకని మీరు నేరుగా కొనండి, చెప్పిన ధరే ఇవ్వండి, సూపర్‌మార్కెట్‌లో పైసా తగ్గించమని అడగం కదా. అడగకుండా మొహాల మీదికి ఫోన్ పెట్టి ఫొటోలు తీయకండి.

వచ్చేటప్పుడు అదే దారిలో కాకుండా జి.మాడుగుల (హల్వా మాడుగుల కాదు, ఇది వేరే ఊరు), చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగండి. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదటి దాడి చేసింది, పిల్లలకి అక్కడ బండి ఆపి చెబితే బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: నలుగురు ఫ్రెండ్స్ ఆగస్టులో బైకుల మీద పాడేరు వైపు కొత్తపల్లి జలపాతానికి వెళ్దామనుకుంటున్నాం. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నీళ్లు చూడాలంటే అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్లండి తమ్ముడూ. ఆగస్టులో ఘాట్‌లో కొండచరియలు జారతాయి, పైన కొండల్లో వాన పడితే మీకు తెలియకుండానే గెడ్డ, అంటే కొండవాగు, ఒక్కసారి పొంగుతుంది. ఎప్పుడు వెళ్లినా పాచి పట్టిన బండల మీద నిలబడి సెల్ఫీలు వద్దు, మందు కొట్టి నీళ్లలో దిగడం అసలు వద్దు. ఊరు దాటితే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఏదైనా జరిగితే కబురు చేయడానికే గంట పడుతుంది.

ప్రశ్న: పాడేరు దగ్గర అరెకరం తక్కువలో వస్తోంది, హోమ్‌స్టే కట్టుకోవచ్చు అని ఒకతను చెబుతున్నాడు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: మీరు గిరిజనులు కాకపోతే కొనకూడదండి. పాడేరు షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు, మనవాళ్లు 1/70 చట్టం అనేది దాన్నే. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనులకే బదిలీ కావాలి, లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి. అమ్మేది గిరిజనేతరుడైనా రూల్ మారదు, లీజు, తనఖా, గిఫ్టు కూడా దీని కిందికే వస్తాయి. అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇది ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని తేల్చింది. ఆ చట్టం లేకపోతే ఈపాటికి కొండవాళ్లకి కొండ మిగిలేది కాదు, అది ఉండాల్సిందే అని నా గట్టి నమ్మకం. నోటరీ కాగితం మీద రాసిస్తాం, వేరే పేరు మీద పెట్టుకోండి అని ఎవరు చెప్పినా రూపాయి అడ్వాన్స్ ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే కాగితాలు తీసుకుని వెంటనే ఒక లాయరుని కలవండి.