స్కూల్లో కౌన్సెలర్ లేకపోతే తల్లిదండ్రులం ఏం చేయగలం?

మీ పాప చదివే ప్రైవేటు స్కూల్లో కౌన్సెలర్ లేరనీ, పోలీసులు, డాక్టర్లు, కాలనీవాళ్లతో కలిసి పిల్లల భద్రతకూ మానసిక ఆరోగ్యానికీ ఏమైనా చేయొచ్చా అనీ అడిగారు. చేయొచ్చండి. కూకట్‌పల్లిలో మా పిల్లల స్కూల్లో కొందరు తల్లిదండ్రులం కలిసి అలాంటిదే నడుపుతున్నాం.

అందరూ ముందుగా చేసేది అవగాహన సదస్సు. అది తేలికే. పోలీసు శాఖలోని మహిళా భద్రతా బృందాలు, అంటే షీ టీమ్స్‌ని అడిగితే వస్తారు, పిల్లలకు అర్థమయ్యేలా చెప్తారు. (శాలువాలు, ఫొటోలు చివర్లో పెట్టుకోమని స్కూలువాళ్లకు చెప్పండి, లేకపోతే సగం పీరియడ్ వాటికే పోతుంది.) కానీ మర్నాడు ఒక పాప టీచర్ దగ్గరికెళ్లి ఏదో చెప్పిందనుకోండి, ఆ టీచర్ ఎవరికి చెప్పాలి? ఇది తేల్చుకోకుండా మాత్రం సదస్సు పెట్టించకండి.

లైంగిక వేధింపు అయితే దారి చట్టంలోనే ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. స్కూల్లో పనిచేసేవాళ్ల మీద ఆరోపణ వచ్చినా యాజమాన్యం దాచిపెడితే, బాధ్యుడికి ఏడాది దాకా జైలు. 'ముందు మేం విచారించుకుంటాం' అనే మాటకు అక్కడ చోటే లేదు. పాప వాంగ్మూలం కోసం స్టేషన్‌కి తిప్పక్కర్లేదు, పోలీసులే ఇంటికి వచ్చి తీసుకోవచ్చు, యూనిఫాంలో రాకూడదు. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో వైద్యం, న్యాయ సాయం, కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతాయి. అర్జెంటుగా అయితే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్. ఇంకొకటి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పాప పేరు కాదు కదా, స్కూలు పేరు కూడా పెట్టకూడదు. అదీ నేరమే. మంచి ఉద్దేశంతోనే పెడతారు, నష్టపోయేది ఆ పిల్ల.

మనసుకు సంబంధించిన వాటికి ఇంత స్పష్టమైన దారి ఉండదు. పిల్లలు వచ్చి చెప్పరు, ఎవరో ఒకరు గమనించాలి. మా దగ్గర బాగా పనికొచ్చింది వ్యాన్ డ్రైవర్లతో, ఆయమ్మలతో పెట్టుకున్న మీటింగ్. టీచర్ నలభై మందిని ఒక్కసారిగా చూస్తుంది. వ్యాన్ అన్న అదే పిల్లవాణ్ని ఏళ్ల తరబడి పొద్దున, సాయంత్రం చూస్తాడు. తొమ్మిదో తరగతి బాబు ఒకడు ముందు సీటు కోసం రోజూ కొట్లాడేవాడు, ఉన్నట్టుండి వెనక సీట్లో మూల కూర్చోవడం మొదలుపెట్టాడు. అది పట్టుకున్నది వ్యాన్ అన్నే. ఆయమ్మకు చెప్పాడు, ఆమె క్లాస్ టీచర్‌కి చెప్పింది. తీరా చూస్తే, స్లిప్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని వాణ్ని కింది సెక్షన్‌కి మార్చారు, ఇంట్లో చెప్పలేక లోపలే కుమిలిపోతున్నాడు. వాళ్ల నాన్న మొదట 'మా వాడికేం పిచ్చా?' అని కోప్పడ్డారు. టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఒకటి ఉంది, నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరుకి ముందు తండ్రే మాట్లాడారు, తర్వాతే బాబుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక సైకాలజిస్ట్ ఉన్నారు. ఆవిడ చేతే పిల్లలకు కౌన్సెలింగ్ చేయిద్దామని చాలామంది అన్నారు. ఆవిడే వద్దన్నారు, సరైన పనే చేశారు. లిఫ్టులో రోజూ కనిపించే ఆంటీ దగ్గర ఏ పిల్ల మనసు విప్పుతుంది? ఆవిడ టీచర్లకు, డ్రైవర్లకు శిక్షణ ఇస్తారు, పిల్లల్ని వేరే క్లినిక్‌కి పంపిస్తాం.

ఇక యాజమాన్యం. 'మా స్కూల్లో అలాంటి సమస్యలు లేవండి' అనే అంటారు, మాకూ అదే అన్నారు. వాదించకుండా, సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రతి చేతిలో పెట్టండి. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు అది. వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను పెట్టాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయకూడదు, హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టాలి. నోటిమాటగా కాకుండా లెటర్ రాసి పదిమంది తల్లిదండ్రులు సంతకాలు చేయండి, ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మా స్కూల్లో ఫోన్లు ఎత్తనివాళ్లు ఆ స్టాంపు పడ్డాకే మీటింగుకి పిలిచారు.

జూన్‌లో స్కూళ్లు తెరవగానే మొదలుపెట్టండి. దసరా సెలవులు దాటితే టెన్త్ పరీక్షల టెన్షన్ మొదలవుతుంది, ఇక ఎవరూ మీ మాట వినరు.